రంగుల అల్లిక – 4వ పాఠం: వెనక పారే దారం

కిందటి పాఠంలో చారలు అల్లాం. ఇవాళ ఒకే వరసలో రెండు రంగులు నడిపిద్దాం. స్కాట్లాండుకి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఒకటైన ఫెయిర్ ఐల్ పేరుతోనే ఈ పద్ధతిని పిలుస్తారు. పనిలో లేని రంగు దారం బట్ట వెనక అడ్డంగా సాగుతూ వస్తుంది కాబట్టి అల్లిక రెండు పొరలంత మందం అవుతుంది. ఆ చలికి అదే కావాలి. మన విజయవాడలో అంత మందం భరించలేం, అందుకే సన్నటి నూలు దారం తీసుకోండి. తెలుపు, ఎరుపు చాలు. ముందు ఎర్ర దారం ముక్కని తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి. రంగు దిగితే ఆ దారం వద్దు.

మంగళగిరి చీర అంచు మీద గుడి గోపురాల్లాంటి మెట్ల బొమ్మ చూసే ఉంటారు. మన నమూనా అదే. 26 కుట్లు ఎక్కించి తెలుపుతో ఒక వరస నిట్ (ముందువైపు నునుపుగా వచ్చే సాదా కుట్టు), ఒక వరస పర్ల్ (దానికి తిరగేసిన కుట్టు) అల్లండి. తర్వాత మూడు వరసల్లోనూ మొదటి కుట్టు, చివరి కుట్టు రెండు దారాలూ కలిపి అల్లాలి. మధ్యలో 24 కుట్లకి ఇలా నాలుగుసార్లు:

మొదటి వరస, నిట్: 5 ఎరుపు, 1 తెలుపు.
రెండో వరస, పర్ల్: 2 తెలుపు, 3 ఎరుపు, 1 తెలుపు.
మూడో వరస, నిట్: 2 తెలుపు, 1 ఎరుపు, 3 తెలుపు.

ఎర్ర దారాన్ని ఎప్పుడూ తెలుపు కిందుగానే తీసుకోండి. కింద నుంచి వచ్చే దారం కుట్లు కాస్త పెద్దవై బొమ్మ స్పష్టంగా తేలుతుంది. మధ్యలో ఒక్క వరసలో పైకీ కిందకీ మార్చినా ఆ గోపురం వెలిసిపోయినట్టు కనబడుతుంది.

అసలు పని వెనకవైపు ఉంది. రంగు మార్చే ప్రతిసారీ కుడి సూది మీది కుట్లని వేలితో విడదీసి, అప్పుడే కొత్త రంగు అందుకోండి. మా అక్క మనవడికి నేను అల్లిన మొదటి టోపీలో ఇది చెయ్యలేదు. పైకి ఎంతో ముచ్చటగా ఉంది, పిల్లాడి తలకి మాత్రం ఎక్కలేదు. లోపల దారాలన్నీ వీణ తీగల్లా బిగిసి ఉన్నాయి. మొత్తం విప్పేశాను. రెండోసారి భయపడి వదులుగా వదిలితే వాడి చిటికెన వేలు ఆ దారంలో చిక్కుకుంది. చిన్నపిల్లల బట్టలకి ఈ రెండో తప్పే ప్రమాదం, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

వెనక దారం 5 కుట్లు దాటితే మధ్యలో ఒకసారి పనిలో ఉన్న దారంతో మెలిపెట్టండి. పక్క వరసలో మళ్లీ అదే చోట మెలిపెడితే ముందువైపు మచ్చలా కనిపిస్తుంది, ఒకటి రెండు కుట్లు జరపండి.

ముక్క పూర్తయ్యాక అడ్డంగా లాగి వదలండి. బొమ్మ ముడుచుకుంటే ఏ వరసలో బిగిసిందో వెనక తిప్పి చూసి, అక్కడిదాకా విప్పి మళ్లీ అల్లండి. ఆ ముక్క ఉంచుకోండి, వచ్చే పాఠంలో దాని మీదే కుట్లు ఎత్తుకుని ఇంటార్సియా (వెనక దారం సాగకుండా ఒక్కో రంగు భాగాన్ని విడి దారంతో అల్లే పద్ధతి) మొదలుపెడతాం.