చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్ సహాయకులను, ఫ్రీలాన్సర్లను పెట్టుకోవడం ఎలా?

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే మా ఇంట్లో మామిడికాయలు కొట్టే చప్పుడూ వాట్సాప్ చప్పుడూ పోటీ పడుతుంటాయి. మోచేతుల దాకా కారం, ఆవపిండి. ఫోన్ తీయలేను, తీయకపోతే పచ్చళ్ల ఆర్డరు ఇంకొకరికి పోతుంది. నాలుగేళ్ల కిందట ఆ తొక్కిసలాటలోనే, ఇంటి నుంచి పనిచేసే ఒకమ్మాయిని పెట్టుకున్నాను. మూడు వారాలకే మానేసింది. తప్పు ఆమెది కాదు. "ఆర్డర్లు చూసుకోమ్మా" అన్నానే గానీ, చూసుకోవడమంటే ఏమిటో చెప్పలేదు.

ముందు పని, తర్వాత మనిషి

ఒక వారం పాటు ఫోన్ పక్కన నోట్‌బుక్ పెట్టుకోండి. చేసిన ప్రతి పనీ, పట్టిన సమయమూ రాయండి. వారం చివర ఆ పట్టీ మూడు ముక్కలవుతుంది. ఉప్పు చూడటం, కాయ ఎంచడం, హోల్‌సేల్ బేరం లాంటివి మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు. మెసేజ్‌లకు జవాబులు, అడ్రసులు రాసుకోవడం, ట్రాకింగ్ నంబర్లు పంపడం రోజూ వచ్చే పనులు. లేబుల్, వెబ్‌సైట్, ఫోటోలు ఒకసారి చేయిస్తే అయిపోయేవి.

రోజూ వచ్చే పనికి వర్చువల్ అసిస్టెంట్, అంటే దూరం నుంచి గంటల లెక్కన పనిచేసే మనిషి కావాలి. ఒకసారితో అయ్యే పనికి ఫ్రీలాన్సర్ చాలు. రోజూ పాలుపోసే మనిషికీ పెళ్లికి వచ్చే వంటమాస్టరుకీ ఉన్న తేడానే ఇది. వంటమాస్టరును నెలజీతానికి పెట్టుకోం కదా.

రోజువారీ పనిని తర్వాత ఒక పేజీలో రాయండి. మా పేజీలో మొదటి నాలుగు వాక్యాలు ఇవి:

"వెల్లుల్లి ఉందా అని అడిగితే పచ్చడి పేరు చూసి చెప్పాలి, ఊహించి చెప్పొద్దు. అమెరికాకు నాన్‌వెజ్ పచ్చళ్లు పంపం. డబ్బు పడిందని నేను చెప్పాకే పార్శిల్ రాయాలి, స్క్రీన్‌షాట్ నమ్మొద్దు. రేటు తగ్గించమంటే నన్ను అడగాలి."

ఇది రాయలేకపోతున్నారంటే, మనిషిని పెట్టుకునే వేళ ఇంకా రాలేదన్నమాట.

ఎక్కడ వెతకాలి?

లింక్డ్‌ఇన్, ఇంటర్న్‌షాలా, అప్‌వర్క్, ఫైవర్ లాంటి పని వెతికే సైట్లు ఉన్నాయి. లోగోలు, వెబ్‌సైట్ల పనికి అవి బాగానే ఉంటాయి. కానీ కస్టమర్లతో తెలుగులో మాట్లాడాల్సిన పనికి నాకు మనుషులు దొరికింది తెలిసినవాళ్ల ద్వారానే. పిల్లలు బడికి వెళ్లాక నాలుగు గంటలు ఖాళీ ఉండే డిగ్రీ చదివిన ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ప్రకటన రాసేటప్పుడు ఒక జాగ్రత్త. "ఇంట్లో కూర్చుని సంపాదించండి" అనే మోసాలు ఎంత పెరిగాయంటే, నిజమైన ప్రకటన చూసినా జనం జంకుతున్నారు. అందుకని వ్యాపారం పేరు, చేయాల్సిన పని, రోజుకు ఎన్ని గంటలు, నెలకు ఎంత ఇస్తారు, అన్నీ స్పష్టంగా రాయండి. డిపాజిట్ మాటే ఎత్తకండి. వేళలు కూడా ముందే తేల్చాలి. మా ఆర్డర్లలో సగం అమెరికా తెలుగువాళ్లవి. ఇక్కడ రాత్రి 7 అయితే వేసవిలో డల్లాస్‌లో ఉదయం 8:30. వాళ్లు కాఫీ తాగుతూ మెసేజ్ పెట్టే సమయం అదే. కాబట్టి మాకు కావాల్సింది పగటి మనిషి కాదు, రాత్రి 7 నుంచి 10 దాకా ఉండే మనిషి.

ఇంటర్వ్యూ కంటే చిన్న పరీక్ష మేలు

మాటల్లో అందరూ బాగానే ఉంటారు. నేను పేరూ నంబరూ తీసేసిన అయిదు పాత మెసేజ్‌లు ఇచ్చి జవాబులు రాయమన్నాను. గంట పని, 300 రూపాయలు. పరీక్ష అయినా పని పనే, ఊరికే చేయించుకోకూడదు.

ఆ అయిదింటిలో ఒకటి, "ప్యాకెట్ విప్పితే నూనె అంతా కారిపోయి ఉందండీ". ఒకాయన రాసిన జవాబు: "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఇంకొకావిడ రాసింది: "అయ్యో, ఒక ఫోటో పెట్టండి. నూనె మూత దగ్గర కారిందా, అడుగునా? పచ్చడి ముక్కలు మునిగే ఉన్నాయా?" రెండోది చదవగానే వెతకడం ఆపేశాను. మూత దగ్గర కారితే బిగించడంలో తప్పు, అడుగున అయితే డబ్బాలో పగులు. పచ్చడి తెలిసిన మనిషికి తప్ప ఆ ప్రశ్న తట్టదు.

తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి

పని ఇవ్వండి, పాస్‌వర్డ్ ఇవ్వకండి. వాట్సాప్ బిజినెస్‌లో మీ ఫోన్‌తో పాటు నాలుగు పరికరాల దాకా లింక్ చేయొచ్చు. మీరు పెట్టుకున్నామె కంప్యూటర్‌ను అలా కలపండి. మానేసిన రోజున లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి తీసేస్తే సరి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలకు, ఆ రెండింటినీ ఒకచోట చూసుకునే మెటా బిజినెస్ సూట్‌లో ఆమె పేరుతోనే అనుమతి ఇవ్వొచ్చు. ఓటీపీ, యూపీఐ పిన్, బ్యాంకు యాప్ మాత్రం ఎంత నమ్మకస్తులకైనా వద్దు.

వెబ్‌సైట్ విషయంలో నేను బాగా దెబ్బతిన్నాను. మొదటిది చేసిన కుర్రాడు డొమైన్ పేరును, అంటే వెబ్‌సైట్ అడ్రసును, తన మెయిల్‌తో కొన్నాడు. ఏడాది తిరిగి రెన్యువల్ వచ్చేసరికి అతని ఫోన్ స్విచాఫ్. ఆ అడ్రసు ముద్రించిన 2,000 లేబుళ్లు అటక మీద ఇప్పటికీ ఉన్నాయి, వెనకవైపు ఖాళీగా ఉంది కదా అని లెక్కలు రాసుకుంటున్నాం. డొమైన్, హోస్టింగ్ (సైట్ ఉండే చోటు), డిజైన్లు చేసే కాన్వా ఖాతా, అన్నీ మీ మెయిల్‌తో, మీ కార్డుతో కొనండి. తర్వాత వాళ్లను లోపలికి పిలవండి.

కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు మెసేజ్‌లు చూసే మనిషి చేతిలో ఉంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మీ తరఫున ఆ వివరాలను ఎవరు వాడినా జవాబుదారీ మీదే. వాటిని సొంతానికి రాసుకోకూడదని ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి.

ఫ్రీలాన్సర్‌తో రాతకోతలు

డబ్బిచ్చాం కాబట్టి లోగో మనదే అనుకుంటాం. 1957 కాపీరైట్ చట్టం అలా అనదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. లోగో, రాత, వెబ్‌సైట్ కోడ్ సంగతి వేరు. ఫ్రీలాన్సర్ చేసినది మామూలుగా వాళ్లదే, రాతపూర్వకంగా సంతకం పెట్టి బదిలీ చేస్తే తప్ప. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లనీ, ఎంత ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం లెక్కేస్తుంది. అమెరికాకు పార్శిళ్లు పంపేవాళ్లం మనం! అందుకే "అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయించుకోండి. ఒక పేజీ చాలు.

అదే పేజీలో ఇంకొన్ని తేల్చేయండి. ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చు (నేను రెండు అంటాను), గడువు ఎప్పుడు, ఏ ఫైళ్లు ఇస్తారు. చివరిది మర్చిపోతే చిక్కు. ఫోన్‌లో చక్కగా కనిపించే బొమ్మ లేబుల్ మీద పెద్దది చేసేసరికి మసకబారుతుంది. ప్రింటింగ్ ప్రెస్‌వాళ్లేమో డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్ డ్రా ఫైల్ ఉందా అంటారు. మొదలుపెట్టేటప్పుడు కొంత, నమూనా నచ్చాక కొంత, ఓపెన్ ఫైళ్లు (తర్వాత మార్చుకోగలిగే అసలు ఫైళ్లు) చేతికొచ్చాక మిగతాది ఇవ్వండి. ఆహారం అమ్మేవాళ్లయితే లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరును ప్రింటుకు ముందు మీరే అంకె అంకెగా సరిచూడండి. డిజైనర్‌కు అది ఉత్త అంకెల వరస.

డబ్బు, పన్ను

బిల్లు తీసుకుని బ్యాంకు ద్వారా చెల్లించండి, పాన్ నంబరు అడిగి పెట్టుకోండి. సొంతదారు వ్యాపారమై, గత ఏడాది అమ్మకాలు కోటి రూపాయలు దాటకపోతే ఫ్రీలాన్సర్ ఫీజులో టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, కోయనక్కర్లేదు. దాటినవాళ్లూ, కంపెనీలూ, భాగస్వామ్య సంస్థలూ ఆడిటర్‌ను అడిగాకే చెల్లించాలి.

మొదటి నెల

మొదటి వారం ఆమె రాసిన జవాబు నేను చూశాకే వెళ్లేది. రెండో వారం కొత్త ప్రశ్నలు మాత్రమే నా దగ్గరికి వచ్చేవి. నెల తిరిగాక రోజుకు పది నిమిషాల ఫోన్‌తో సరిపోయింది. మీకూ ఇంచుమించు అలాగే కుదురుతుంది. మధ్యలో తప్పులు జరుగుతాయి. జరిగిన ప్రతిసారీ ఆమెను అనే ముందు పేజీ తీసి చూడండి, అందులో ఆ సంగతి ఉందో లేదో. చాలాసార్లు ఉండదు.

ఇప్పుడు మా పేజీ నాలుగు పేజీలయింది. నిరుడు వేసవిలో తిరగేస్తుంటే నేను రాయని వాక్యం ఒకటి కనపడింది. "కడుపుతో ఉన్న అమ్మాయికి అని చెబితే ఆ పార్శిల్ ముందు పంపాలి."

"ఇదెప్పుడు రాశావమ్మా?" అన్నాను ఫోన్‌లో.

"మీరు ఎలాగూ అలాగే పంపిస్తున్నారు కదా ఆంటీ, అందుకే రాసిపెట్టాను" అంది.