పాత ఆఫ్‌షోర్ రేసింగ్ (సముద్రంలో పందేలకి వాడే) బోటు ఏ వంశానిదో అడుగుభాగం చూసి కనిపెట్టడం ఎలా

పొడుగ్గా, సన్నగా, ముక్కు కోసుగా ఉన్న స్పీడ్ బోటు ఏది కనపడినా సిగరెట్ బోట్ అనేస్తారు అందరూ, నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను. తీరా చూస్తే సిగరెట్ అనేది ఒక కంపెనీ పేరు, మయామీలో డాన్ ఆరోనో పెట్టాడు దాన్ని, అంతకుముందు ఆయనే ఫార్ములా, డాంజీ, మాగ్నమ్ అని వరసపెట్టి మూడు కంపెనీలు పెట్టడం, పేరొచ్చాక అమ్మేయడం, అదే వీధిలో ఇంకోటి మొదలెట్టడం. మరి పక్కనుంచి చూసి ఏది ఏదో ఎలా చెప్తాం? రంగులు మారిపోతాయి, స్టిక్కర్లు మారిపోతాయి, ఇంజిన్లయితే రెండు మూడు సార్లు మారి ఉంటాయి. మారనిది అడుగు ఒక్కటే, అందుకే పాత బోటు దగ్గరికెళ్తే ముందు అడుగు చూడాలి అంటాను. 1960ల నుంచి 80ల మధ్య బోటు ఏదైనా ట్రైలర్ మీద దొరికితే ఇలా చూడండి.

ముందు వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చోండి. బోటు వెనక గోడని ట్రాన్సమ్ అంటారు, దాని కింది అంచు V ఆకారంలో ఉంటుంది కదా, ఆ V ఒక్కో వైపు ఎన్ని డిగ్రీలు లేచిందో అదే డెడ్‌రైజ్. కొలవడానికి పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు, ఒక చిన్న తిన్నని చెక్క, ఫోన్లో లెవెల్ యాప్ చాలు. చెక్కని అడుగుకి ఆనించి, మధ్యలో ఉండే గట్లు తగలకుండా చూసుకుని, దాని మీద ఫోన్ పెట్టండి. ఎడమ వైపు ఒకసారి, కుడి వైపు ఒకసారి కొలిచి రెండూ కూడి సగం చెయ్యండి, ఎందుకంటే ట్రైలర్ ఎప్పుడూ కాస్త ఒరిగే ఉంటుంది, ఒక వైపు ఎక్కువ చూపించింది రెండో వైపు తక్కువ చూపిస్తుంది, సగం చేస్తే ఆ ఒరుగు పోతుంది. 24 డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే డీప్ V. ఆగకండి, ఒక మీటరు ముందుకి జరిగి మళ్లీ కొలవండి. అక్కడా అంతే ఉంటే అసలైన డీప్ V లెక్క, ముందు బాగా ఎక్కువై వెనక్కి వచ్చేసరికి చదునైపోతుంటే అది వేరే ఆలోచన, మెలి తిరిగిన అడుగు.

ఈ ఒక్క కొలతకి ఇంత హడావుడి ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. 1950ల్లో స్పీడ్ బోట్లకి ముందు V ఉన్నా వెనక దాదాపు చదునుగా ఉండేది, ప్రశాంతంగా ఉన్న నీళ్లలో బ్రహ్మాండంగా పోయేవి, అల వచ్చిందా పలకతో నీళ్లని కొట్టినట్టే, లోపలున్న వాళ్ల నడుములు గోవిందా. స్పీడు అందుకున్నాక బోటు ముందు భాగం గాల్లోనే ఉంటుంది, నీటి మీద నడిచేది వెనక సగమే, మరి అల దెబ్బ తినేది ఆ సగమైతే V అక్కడ కదా ఉండాలి. రే హంట్ అనే అమెరికన్ డిజైనర్ ఈ సంగతి పట్టుకుని V ని వెనక గోడ దాకా అదే లోతులో లాక్కొచ్చాడు. 1958లో అమెరికాలోని న్యూపోర్ట్‌లో అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పందెం జరుగుతుంటే ఆయన చేసిన 23 అడుగుల బోటు గతుకు నీళ్లలో దూసుకుపోవడం రిచర్డ్ బెర్ట్రమ్ అనే అమెరికన్ రేసర్ చూసి, తనకి అలాంటిదే పెద్దది కావాలన్నాడు, అలా చెక్కతో వచ్చిందే మోపీ, వాళ్లావిడ ముద్దుపేరు. 1960లో మయామీ నుంచి బహామాస్‌లోని నసావ్ దాకా జరిగిన రేసులో సముద్రం భయంకరంగా ఉంది, మోపీ 8 గంటల్లో చేరిపోయింది, రెండో బోటు రావడానికి ఇంకో రెండు గంటలు పట్టింది, మిగతావి ఆ రోజు రానేలేదు. ఇంతకీ ఆ రెండోది కూడా హంట్ డిజైనే. తర్వాత మోపీ మీదనుంచే అచ్చు తీసి ఫైబర్ గ్లాస్‌లో బెర్ట్రమ్ 31 అమ్మారు.

ఇప్పుడు అడుగు పొడవునా ముందు నుంచి వెనక్కి పోయే సన్నటి గట్లు చూడండి, త్రికోణం కడ్డీలు అతికించినట్టుంటాయి, వీటిని స్ట్రేక్‌లు అంటారు. అందం కోసం అనుకుంటారు చాలామంది, కాదు. లోతు V నీళ్లలో మునిగి కూర్చుంటుంది, పైకి లేవాలంటే ఏదో ఒకటి నెట్టాలి, ఆ నెట్టేది ఈ గట్లే, పైగా అడుగు వెంబడి పైకి పాకే నీళ్లని పక్కకి విసిరేస్తాయి. స్పీడు పెరిగేకొద్దీ బోటు ఒక్కో గట్టు మీదకి ఎక్కుతూ పోతుంది, తడిసే భాగం తగ్గుతుంది. ఒక్కో వైపు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఆగిపోయాయి, వెనక గోడ దాకా వచ్చాయా లేక మధ్యలోనే కోసేశారా, అన్నీ రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. అడుగు, పక్క గోడ కలిసే మూలని చైన్ అంటారు (గొలుసు కాదు), అది ఎంత పదునుగా ఉందో కూడా చూడండి.

తర్వాత వీలైతే మెట్ల మీదో నిచ్చెన మీదో ఎక్కి పైనుంచి చూడండి. బెర్ట్రమ్ దారిలో వచ్చినవి మధ్యలో వెడల్పుగా, భుజాలున్నట్టు ఉంటాయి. అలా కాకుండా వెనక గోడ దగ్గరే బాగా వెడల్పుగా ఉండి అక్కణ్ణుంచి ముక్కు దాకా సన్నబడుతూ బాణం ములికిలా పోతే అది డెల్టా ఆకారం, వెంటనే సన్నీ లీవై గుర్తుకు రావాలి. కరాచీలో పుట్టి ఇటలీలో పేరు తెచ్చుకున్న డిజైనర్ ఆయన. ఆయన డిజైన్ చేసిన ఎ స్పెరాంజియెల్లా అనే బోటు 1963లో కౌస్ టార్కీ రేసు గెలిచింది, 1967లో ఆయనదే సర్ఫ్యూరీ గెలిచింది. ఈ రేసు ఇంగ్లాండ్‌లో 1961లో మొదలైంది, డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక మాక్స్ ఎయిట్‌కెన్ పెట్టించాడు. నన్నడిగితే వీటన్నిట్లో కంటికి నచ్చేవి లీవైవే, అమెరికన్ బోట్లు బలంగా కనపడతాయి, ఇవి పరిగెడుతున్నట్టు కనపడతాయి, నిలబడి ఉన్నా సరే.

ముక్కు అంత పొడుగెందుకు, మనుషులు అంత వెనక ఎందుకు అనే డౌటు వస్తే, అలల్లో ముందు భాగం ఎక్కువ ఎగిరి పడుతుంది, వెనక తక్కువ, అందుకే మనుషుల్ని వెనక పెట్టారు, స్టైల్ తర్వాత వచ్చింది. కాక్‌పిట్‌లో, అంటే నడిపేవాళ్లు ఉండే చోట, సీట్ల బదులు నిలబడి ఆనుకునే మెత్తలు ఉంటే అది రేసు కోసం కట్టింది, లేదా రేసు బోటు చూసి కట్టింది. స్టీరింగ్ ఒకరి ముందు, ఇంజిన్ వేగం పెంచి తగ్గించే థ్రాటిల్ లివర్లు ఇంకొకరి చేతి దగ్గర ఉన్నాయా చూడండి. బోటు గాల్లోకి లేస్తే ప్రొపెల్లర్ నీళ్లలోంచి బయటికొచ్చి ఒక్కసారిగా విపరీతంగా తిరుగుతుంది, మళ్లీ నీళ్లని తాకగానే గేర్లు ముక్కలవుతాయి, అందుకే లేచిన క్షణంలో థ్రాటిల్ తగ్గించి దిగేముందు ఇవ్వడానికే ఒక మనిషి ఉండేవాడు. బెట్టీ కుక్ 1977లో, 1979లో వరల్డ్ ఛాంపియన్ అయింది, స్టీరింగ్ ఆవిడది. ముక్కు లోపల నీళ్ల ట్యాంకు కోసం పైపులు కనపడితే ఇంకా మంచిది, ఎదురు అలల్లో ముక్కు పైకి లేవకుండా బరువు కోసం నీళ్లు నింపేవాళ్లు, షికారు బోటుకి అది అవసరం లేదు.

మళ్లీ వెనక గోడకి రండి. ఇంజిన్ లోపల, గేరు కాలు బయట వేలాడుతుంటే అది స్టర్న్ డ్రైవ్. జిమ్ విన్ ఆలోచన ఇది, వోల్వో పెంటా 1959లో ఆక్వామాటిక్ పేరుతో తెచ్చింది, ఇందాక చెప్పిన నసావ్ రేసులో రెండోది వచ్చిన బోటు నడిపింది కూడా ఈయనే, వెనక ఇవే బిగించుకుని. దీనివల్ల ఇంజిన్ వెనక మూలకి పోయింది, కాక్‌పిట్‌కి చోటొచ్చింది. ఇక్కడ పూడ్చిన బెజ్జాల కోసం జాగ్రత్తగా వెతకండి, వెలుతురు పక్కనుంచి పడేలా టార్చి పట్టుకుంటే పాత బెజ్జాలు ఉబ్బెత్తుగానో గుంటగానో తెలిసిపోతాయి. రేసు వాళ్లు నీటి రాపిడి తగ్గించుకోవడానికి డ్రైవ్‌ని పైకి జరిపేవాళ్లు, అలా జరిపిన గుర్తు రంగు కింద కూడా దాగదు. అక్కడే చిన్న సుత్తితో మెల్లగా తట్టండి, టంగుమంటే పర్లేదు, డొల్ల శబ్దం వస్తే లోపలి చెక్క కుళ్లింది, గోడ మొత్తం మార్చే పని.

రెండు సన్నటి అడుగులు, మధ్యలో సొరంగం ఉంటే కాటమరాన్, పైన చెప్పిన V కొలతలేవీ దానికి పనిచేయవు. 1970ల చివర్లో ఇంగ్లాండ్ కూగర్ బోట్లు సముద్రంలో వీటిని గట్టిగా నిలబెట్టాయి. సొరంగంలో దూరిన గాలే బోటుని మోస్తుంది, ఎక్కువ దూరితే వెనక్కి తిరగేస్తుంది.

ఇక అసలైనదా నకలా అనేది. ఎవరో కట్టిన బోటు అడుగు మీద నేరుగా అచ్చు తీసుకుని వేరే పేరుతో అమ్మడం ఈ లోకంలో మామూలే, దాన్ని స్ప్లాష్ అంటారు. ఫ్లోరిడాలో దీని మీద చట్టం ఉంటే 1989లో అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లదంది, బోనిటో బోట్స్ కేసు, తర్వాత 1998లో అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) బోటు అడుగులకే వేరే చట్టం చేసింది. అంటే డిగ్రీలు, గట్లు కలిసినంత మాత్రాన ఆ కంపెనీదని కాదు, ఆ డిజైన్‌ది అని మాత్రమే. కంపెనీ కోసం నంబరు చూడాలి. అమెరికాలో 1972 నవంబర్ నుంచి కట్టిన బోట్లకి వెనక గోడ కుడి పై మూలన 12 అక్షరాల నంబరు ఉంటుంది, మొదటి మూడు కట్టినవాళ్ల కోడ్. 1984 ఆగస్టు నుంచి అదే నంబరు ఇంకో చోట దాచి కూడా వేస్తున్నారు.

1972కి ముందుదైతే నంబరు ఉండదు, అప్పుడు ఇందాక రాసుకున్న గట్ల లెక్క తియ్యండి. ఆ కాలపు రేసు ఫొటోలు చాలా దొరుకుతాయి, ఫొటోగ్రాఫర్లకి బోటు గాల్లో ఉన్నప్పుడే తియ్యడం ఇష్టం కాబట్టి సగం ఫొటోల్లో అడుగు మొత్తం బయటపడే ఉంటుంది. జూమ్ చేసి ఒక్కో వైపు గట్లు లెక్కపెట్టండి, ఎక్కడ ఆగాయో చూడండి, మీ కాగితంతో పోల్చండి.