ఫలితాలు రాకముందే నెట్ సెంటర్ కంప్యూటర్‌ను చూసుకోండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా నెట్ సెంటర్లకు పండగే. ఈఏపీసెట్ కౌన్సెలింగ్, దోస్త్ డిగ్రీ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పులు... షట్టర్ తీసేసరికి గుమ్మంలో నలుగురైదుగురు నిలబడి ఉంటారు. సగం మంది చేతిలో పెన్‌డ్రైవ్. అంతకుముందు అది ఎన్ని కంప్యూటర్లు తిరిగొచ్చిందో దేవుడికే తెలియాలి.

మూడేళ్ల కిందట ఒక కుర్రాడు సర్టిఫికెట్లు ప్రింట్ తీయమని పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు. హడావుడిలో డబుల్ క్లిక్ కొట్టేశాను. సాయంత్రానికల్లా మా దగ్గర పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అదే జబ్బు అంటుకుంది. యాంటీవైరస్ లేదా అంటే, ఉంది. రెండు రోజుల ముందు ఒక ఫొటో సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ ఫైల్, అదే క్రాక్, ఎక్కించడానికి నేనే ఆపి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయాను.

అందుకే కొత్త యాంటీవైరస్ కొనేముందు ఉన్నది పనిచేస్తోందో లేదో చూడండి. విండోస్ 10, 11లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ఎలాగూ ఉంటుంది, పైసా కట్టక్కర్లేదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందా, అప్‌డేట్ ఏ తేదీది అని చూడండి. అక్కడే ఎక్స్‌క్లూజన్స్ అనే జాబితా ఉంటుంది. చాలామంది దాని జోలికే వెళ్లరు. అందులో ఉన్న ఫోల్డర్లను డిఫెండర్ తనిఖీ చేయదు. క్రాక్ ఎక్కించేటప్పుడు ‘ఈ ఫోల్డర్‌ను ఇందులో కలపండి’ అని చెప్పేది అందుకే. మీరు పెట్టనిది ఏదైనా కనిపిస్తే తీసేయండి. క్రాక్‌నూ తీసేయండి.

గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్ మూలన పడి ఉంటే దాన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. రెండుంటే రెట్టింపు రక్షణ అనుకోవద్దు, ఒకదానికొకటి అడ్డుపడి మెషీన్ నత్తనడక నడుస్తుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల సమాచారం వస్తున్నా, విండోస్‌లో బయటపడే లొసుగులకు మామూలుగా మరమ్మతు రాదు. 11 ఎక్కే మెషీన్ అయితే సీజన్‌కి ముందే ఎక్కించండి, క్యూ నిలబడ్డాక కుదరదు. అప్‌డేట్లను వాయిదా వేస్తే ఏమవుతుందో 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ చూపించింది. ఆ లొసుగుకు మందు మార్చిలోనే వచ్చింది. వేసుకోని కంప్యూటర్లలో ఫైళ్లకు తాళాలు పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి.

ఇక పెన్‌డ్రైవ్. పెట్టగానే దానంతటదే తెరుచుకునే ఆటోప్లే ఆపేయండి. పెట్టగానే తెరవకుండా రైట్ క్లిక్ చేసి స్కాన్ కొట్టండి. జనం ఎక్కువుంటే విసుగే, కానీ నిమిషం పనే. ఫైల్ పేర్ల చివర ఎక్స్‌టెన్షన్ కనిపించేలా వ్యూలో టిక్ పెట్టుకోండి. హాల్‌టికెట్ పేరు పక్కన పీడీఎఫ్ అని ఉండి, దాని వెనకే ఈఎక్స్ఈ అని కూడా ఉంటే అది హాల్‌టికెట్ కాదు, క్లిక్ చేస్తే నడిచే ప్రోగ్రామ్. ఫోల్డర్లు షార్ట్‌కట్లయిపోతే కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి, చాలాసార్లు అసలు ఫైళ్లు దాక్కుని ఉంటాయంతే. ముందు స్కాన్ చేసి, తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టండి. అప్పటికీ రాకపోతే ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ కూడా తీయండి. పోయాయనుకున్న సర్టిఫికెట్లు కనబడగానే ఆ పిల్లల మొహాలు చూడాలి!

షాపు లెక్కలు, కస్టమర్ల స్కాన్‌లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టండి. తగిలించి వదిలేస్తే ఫైళ్లకు తాళం వేసే వైరస్ దానికీ వేస్తుంది. షాపు బ్యాంకు లావాదేవీలు ఈ మెషీన్‌లో చేయకండి, నేనైతే ఫోన్‌లోనే చేస్తాను.

అనుమానం వస్తే మొదట నెట్ కేబుల్ తీయండి, వైఫై ఆపండి. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. మెషీన్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. సుమారు పావుగంట పడుతుంది. ఆలోపు వేరే ఫోన్‌లోంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం స్కాన్ అయ్యేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.