పదేళ్లు దాటిన జపాన్ కారు కొనేటప్పుడు నేను చూసేవి

మా వాళ్ల ఇళ్లల్లో ఏ శుభకార్యం జరిగినా భోజనాలయ్యాక మాటలు కార్ల మీదికి వెళతాయి. మా బాబాయి తన 2008 ఇన్నోవా గురించి మొదలుపెడతారు. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటినా ఇంజను విప్పాల్సిన అవసరం రాలేదంటారు. హ్యూస్టన్ నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు వెంటనే అడ్డుపడతాడు. "బాబాయ్, జపాన్ పేరు చూసి కళ్లు మూసుకుని కొనే రోజులు పోయాయి" అని అక్కడి మోడళ్ల లోపాలు ఒక్కొక్కటే చెబుతాడు. ఇద్దరూ గొంతు పెంచుతారు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

నేను రాజమండ్రిలో ఒక బ్యాంకులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఆడిట్ విభాగంలోనే గడిచింది. 2010 నవంబరులో కొన్న పెట్రోలు హోండా సిటీని ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. 2,13,000 కిలోమీటర్లు తిరిగింది. మొదటి రోజు నుంచి దానికోసం ఒక పొడవాటి ఖాతా పుస్తకం పెట్టాను. తేదీ, మీటరు రీడింగు, మార్చిన వస్తువు, ఇచ్చిన డబ్బు అన్నీ అందులో ఉంటాయి. చుట్టాలకూ స్నేహితులకూ ఇప్పటివరకు పదకొండు పాత కార్లు చూసిపెట్టాను. వద్దని చెప్పినవి అంతకు నాలుగు రెట్లు ఉంటాయి.

ముందు ఇంజను ఎవరిదో తెలుసుకోండి

ముందున్న చిహ్నం కారు చరిత్ర మొత్తం చెప్పదు. మారుతి స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్న 1.3 లీటర్ల ఇంజను ఇటలీకి చెందిన ఫియట్ రూపకల్పన. నిస్సాన్ టెరానో నిజానికి రెనో డస్టరే. నిస్సాన్ సన్నీ డీజిల్‌లో ఉన్నది కూడా రెనో ఇంజనే. టొయోటా గ్లాంజా సుజుకి వారి బలేనో. ఇవి చెడ్డవని నేను అనడం లేదు. ఆ ఫియట్ ఇంజను మన దేశంలో ఎన్నో కంపెనీల కార్లలో వచ్చింది, దాన్ని బాగుచేయగల మెకానిక్ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు. అయితే ఒక పెట్రోలు ఇంజను సంపాదించిన మంచిపేరు చూసి వేరే కంపెనీ డీజిల్ ఇంజనుకు డబ్బు కట్టకూడదు.

ఒకే కంపెనీలోనూ సంవత్సరాన్ని బట్టి తేడాలుంటాయి. అమెరికాలో 2007 నుంచి 2009 వరకు వచ్చిన 2.4 లీటర్ల టొయోటా క్యామ్రీల్లో చాలావాటి ఇంజన్లు ఆయిల్ తాగేవి. పిస్టన్ రింగుల దగ్గర లోపం ఉంది, కంపెనీయే ఆ మరమ్మతుకు వారంటీ పొడిగించింది. 2013 నుంచి 2016 వరకు వచ్చిన నిస్సాన్ ఆల్టిమాల్లోని సీవీటీ (మెట్లు లేకుండా దానంతటదే మారే ఆటోమేటిక్) గేర్‌బాక్సులకూ అక్కడ వారంటీ పెంచాల్సి వచ్చింది. 2024లో టొయోటా లక్షకు పైగా టండ్రా, లెక్సస్ వాహనాలను వెనక్కి పిలిచింది. తయారీలో మిగిలిపోయిన లోహపు పొడి ఇంజనులో ఉండిపోవడమే కారణం. మా పిన్ని కొడుకు చెప్పేది ఇదే. కాబట్టి ఎవరైనా "ఫలానా కంపెనీ కారు ఉంది, కొనమంటారా?" అని అడిగితే, ఏ సంవత్సరానిది, ఏ ఇంజను, ఏ గేర్‌బాక్సు అని నేను తిరిగి అడుగుతాను. ఈ మూడూ తెలియకుండా సలహా ఇవ్వను.

ఇన్నోవానే తీసుకోండి. 2005లో క్వాలిస్ స్థానంలో వచ్చిన మొదటి ఇన్నోవాలోని 2.5 లీటర్ల డీజిల్ ఇంజనుకు టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ, ఉంటుంది. 2016లో వచ్చిన క్రిస్టా 2.4 డీజిల్‌కు చైన్ ఉంటుంది. బెల్టు రబ్బరు వస్తువు, దానికి గడువు ఉంటుంది. గడువు దాటాక నడిచే దారిలో అది తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, ఇంజను మొత్తం విప్పాల్సి వస్తుంది. మా బాబాయి గొప్పగా చెప్పుకుంటుంటే ఒకసారి నేను ఆయన్ను అడిగాను: "బెల్టు ఎప్పుడు మార్చారు బాబాయ్?" ఆయన బానెట్ ఎత్తి చూపించారు. ప్రతిసారీ మార్చిన తేదీ, కిలోమీటర్లు తెల్లటి స్టిక్కరు మీద రాసి లోపల అంటించి ఉన్నాయి. ఆ నాలుగు లక్షల కిలోమీటర్లకు టొయోటా ఇంజనీర్లు ఎంత కారణమో, ఆ స్టిక్కర్లు కూడా అంతే కారణమని నా నమ్మకం.

బండి కంటే ముందు లెక్క చూడండి

అధీకృత సర్వీసు సెంటర్లో చేయించిన పనుల వివరాలు వారి కంప్యూటర్లో ఉంటాయి. అమ్మేవారిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లండి, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి చరిత్ర అడగండి. రావడానికి అమ్మేవారు ఇష్టపడకపోతే నేను ఆ కారును అక్కడే వదిలేస్తాను. చరిత్రలో ప్రతి ఏడాదీ కిలోమీటర్లు క్రమంగా పెరుగుతున్నాయా, మధ్యలో రెండేళ్ల ఖాళీ ఏమైనా ఉందా అన్నది చూడండి. సర్వీసు లెక్క 90,000 దగ్గర ఆగిపోయి, ఇప్పుడు మీటరు మీద 82,000 చూపిస్తున్న కారు నాకు ఒకసారి ఎదురైంది. ఆ రోజు అంతకుమించి మాట్లాడవలసిన పని లేకపోయింది.

బయట మెకానిక్ దగ్గర చేయించారంటే అది తప్పేమీ కాదు. నేనూ వారంటీ అయిపోయాక మా వీధి చివరి మెకానిక్ దగ్గరే చేయిస్తున్నాను. అప్పుడు బిల్లులు అడగండి. బిల్లులూ లేకపోతే బండినే అడగాలి. యాభై వేలు మాత్రమే తిరిగిన కారుకు బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు, స్టీరింగు పైభాగం అద్దంలా మెరవదు, డ్రైవరు సీటు అంచు నలిగిపోదు. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. ఇరవై వేలు కూడా తిరగలేదని చెప్పే కారుకు అప్పటికే కొత్త టైర్లు పడి ఉంటే ఎందుకు పడ్డాయో అడగండి.

చల్లటి ఇంజను, ఉదయం పూట

అమ్మేవారికి ముందురోజే ఫోను చేసి, నేను వచ్చేవరకు ఇంజను స్టార్ట్ చేయవద్దని చెబుతాను. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూస్తాను. వేడిగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పి వెనక్కి తిరుగుతాను. అలసిపోయిన ఇంజను తన లోపాన్ని చల్లగా ఉన్నప్పుడే బయటపెడుతుంది, ఒకసారి వేడెక్కితే చాలావరకు కప్పిపుచ్చుతుంది.

స్టార్ట్ చేయకముందే ఆయిల్ పుల్ల తీసి చూడండి. మట్టం తక్కువగా ఉంటే ఇంజను ఆయిల్ తాగుతోందేమో, లేదా యజమాని పట్టించుకోలేదేమో, రెండూ మంచి సంకేతాలు కావు. ఆయిల్ పోసే మూత తెరిచి వేలుతో లోపల తడమండి. నల్లటి జిగట పేరుకుని ఉంటే ఆయిల్ మార్పుల మధ్య చాలా కాలం గడిచిందని అర్థం. పెరుగు మీగడలాంటి తెల్లటి పొర కనబడితే కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఆయిల్లో కలుస్తోందేమోనని అనుమానించాలి. తర్వాత కూలెంటు డబ్బా చూడండి. రంగు పోయి తుప్పునీళ్లలా ఉంటే అందులో ఎవరో కుళాయి నీళ్లు పోస్తూ వచ్చారు. మన ఎండలకు ఇంజన్లను చంపేది ఎక్కువగా ఈ నిర్లక్ష్యమే. రేడియేటరు మూతను మాత్రం ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవవద్దు.

ఇప్పుడు మరొకరిని స్టార్ట్ చేయమని చెప్పి మీరు వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తూ, దానికి తియ్యటి వాసన ఉంటే కూలెంటు కాలుతోంది. చలికాలపు ఉదయం కాసేపు వచ్చి ఆగిపోయే ఆవిరికి భయపడనక్కర్లేదు. డీజిల్ కారైతే ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూతను వదులుచేసి చూడండి. లోపలి నుంచి గాలి బలంగా తన్నుతూ మూతను ఎగరేస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి. హోండా సిటీ లాంటి పెట్రోలు కారులో ఇంజను పైనుంచి సన్నగా టకటకమనే శబ్దం వస్తే అది తరచుగా ట్యాపెట్ల (వాల్వులను కదిపే భాగాల) సర్దుబాటుతో పోతుంది. ధర తగ్గించడానికి అది చాలు, కారును వదులుకోవడానికి చాలదు.

నడిపేటప్పుడు ఏసీ, పాటలు ఆపేయండి, అద్దాలు దించండి. గతుకుల రోడ్డు ఎక్కడుందో ముందే చూసిపెట్టుకుని అటు తీసుకెళ్లండి. సీవీటీ ఉన్న కారును ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడపడం మరింత ముఖ్యం. గేరును డీ (డ్రైవ్)లో వేశాక కదలడానికి ఆలస్యమైనా, తక్కువ వేగంలో బండి వణికినా ఆ బేరంలో ముందుకు పోకండి. ఆ గేర్‌బాక్సు మరమ్మతు ఖర్చు పాత కారు ధరతో పోటీపడుతుంది. "జీవితాంతం గేర్ ఆయిల్ మార్చనక్కర్లేదు" అని ఎవరైనా చెబితే ఎవరి జీవితాంతమో అడగండి. కంపెనీ చెప్పిన ఆయిలే, చెప్పిన గడువుకే మార్చిన బిల్లు ఉంటేనే నేను పాత సీవీటీ కారు కొనమంటాను.

నీళ్లలో మునిగిన బండి

ఈ విషయం గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆ మరుసటి ఏడాది మా తమ్ముడు, నన్ను అడగకుండా, ధర బాగుందని ఒక జపాన్ కంపెనీ కారు కొన్నాడు. ఎవరి దగ్గర కొన్నాడో, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. మెరుస్తూ ఉంది, ఇంజను చప్పుడే లేదు. రెండు నెలలకు పవర్ విండోలు ఆగిపోయాయి. తర్వాత మీటరు దీపాలు, ఆ తర్వాత ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు). వాడు ఇంటికి తెచ్చినప్పుడు నేను డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగాను. అడుగున రెండు జానల మేర ఎండిన ఒండ్రు చార ఉంది. వాడి ముఖం చూడలేకపోయాను.

ఎంత మంచి ఇంజనైనా వైర్ల జాయింట్లలో చేరిన తుప్పుకు సమాధానం చెప్పలేదు. కాబట్టి 2020లో మునిగిన హైదరాబాద్ కాలనీల నుంచి వచ్చినదైనా, విజయవాడదైనా, చెన్నైదైనా ఇవి చూడండి. సీటు బెల్టులు నాలుగూ చివరిదాకా లాగాలి. స్టెప్నీ తీసి కింది గుంట చూడాలి. కార్పెట్ మూల ఎత్తి వాసన చూడాలి. సీట్లను బిగించిన బోల్టుల మీద తుప్పు ఉందేమో, ఫ్యూజుల పెట్టెలో బురద ఉందేమో, హెడ్‌లైట్ల లోపల నీటి మరకలు ఉన్నాయేమో గమనించాలి. ఘాటైన అత్తరు వాసన కొట్టే కారును నేను మరింత జాగ్రత్తగా పరిశీలిస్తాను.

కాగితాల గురించి క్లుప్తంగా. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి బండ్లు మన రాష్ట్రాలకు చాలా వచ్చాయి. అవి తక్కువ ధరకు కనిపిస్తాయి. ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం లేకుండా, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన జీవితకాల పన్ను లెక్కలో కలపకుండా బేరం కుదుర్చుకోకండి. 29, 30 ఫారాలు పేరు మార్పిడికి, పాత అప్పు తీరిందనడానికి 35. పదిహేనేళ్లు నిండిన కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. నా సిటీకి 2025 నవంబరులో ఆ పని అయింది.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకండి. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, గాలిలో తేమకు గురైతే, ప్రమాద సమయంలో లోహపు డబ్బా పేలి ముక్కలు ముఖం మీదికి వస్తాయి. హోండాతో సహా అనేక కంపెనీల పాత కార్లలో అవి ఉన్నాయి. కాకినాడ, విశాఖ, మచిలీపట్నంలాంటి చోట్ల వేడీ తేమా రెండూ ఉన్నాయని వేరే చెప్పాలా? చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో గానీ సర్వీసు సెంటర్లో గానీ అడగండి. రీకాల్ పని మిగిలి ఉంటే కంపెనీయే డబ్బు తీసుకోకుండా మార్చి ఇస్తుంది. పిల్లల్ని ఎక్కించుకోకముందే ఆ పని చేయించండి.

కొన్నాక మొదటి నెలలో

పాత యజమాని ఏం చెప్పినా నేను మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టిస్తాను. ఇంజను ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంటు, బ్రేకు ఆయిల్, గేరు ఆయిల్ మార్పించండి. బెల్టు ఉన్న ఇంజను అయి, మార్చిన రుజువు లేకపోతే వెంటనే బెల్టు కూడా. దీనికయ్యే డబ్బును కారు ధరలో భాగంగానే ముందు లెక్కవేసుకోండి. రబ్బరుకు కిలోమీటర్లతో పాటు వయసు కూడా ఉంటుంది. తక్కువ తిరిగిన పదేళ్ల కారులోనూ ఇంజను మౌంట్లు, గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు గట్టిపడి పగుళ్లు ఇస్తాయి. కంపెనీ పదివేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఆయిల్ మార్చమంటే నేను ఏడున్నర వేలకే మారుస్తాను. అంత అవసరం లేదని మా మెకానిక్ అంటాడు. పదిహేనేళ్లలో 2,13,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజను నాది. అందుకే ఈ ఒక్క విషయంలో అతని మాట వినను.

మా తమ్ముడు ఇప్పుడు తణుకులో ఒక 2014 ఇన్నోవా చూశాడు. 1,76,000 కిలోమీటర్లు, సర్వీసు చరిత్ర సరిపోయింది, బెల్టు బిల్లు ఒక్కటే ఇంకా చూడాలి. ఆదివారం ఉదయం ఆరున్నరకు ఇద్దరం వెళుతున్నాం. మేము వచ్చేదాకా ఇంజను ముట్టుకోవద్దని అమ్మేవారికి నేనే ఫోను చేసి చెప్పాను.