యుద్ధం చూసొచ్చినవారి జ్ఞాపకాలను రికార్డు చేయడం ఎలా?

మద్రాస్ ఇంజనీర్ గ్రూపు కేంద్రం ఉన్న ఊరు కాబట్టి బెంగళూరులో తెలుగు మాజీ సైనికులకు కొదవలేదు. శ్రీలంకకు వెళ్లిన శాంతిసేన (1987–90) నుంచి కార్గిల్ (1999) దాకా చూసినవారు దొరుకుతారు.

ఫోన్లో రికార్డర్ చాలు. వీడియో వద్దు, కెమెరా పెడితే ఉపన్యాసం మొదలవుతుంది. హారన్లు వినబడని వెనక గది, పొద్దుటి పూట, గంటకు మించకుండా. దీపావళి వారంలో అసలే వద్దు. ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోనివ్వకండి. "అప్పుడు మీరలా చెప్పలేదే" అని ఒక్క మాట అందించారంటే రికార్డింగు చెడినట్టే.

అందరూ చెడగొట్టేది ప్రశ్న దగ్గరే. "సుబేదార్ గారూ, ఆ రోజు గుర్తున్నంత చెప్పండి, వరస తప్పినా ఫర్వాలేదు" అని ఊరుకోండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు దృష్టంతా ముప్పు మీదే ఉంటుంది. పీటీఎస్‌డీ (యుద్ధంలాంటి భయంకర ఘటన తర్వాత మనసులో మిగిలే జబ్బు) ఉన్నవారికి డీజిల్ వాసన నిన్నటిలా ఉండొచ్చు, కానీ ఏది ముందో ఏది వెనకో, ఎంతసేపు జరిగిందో తారుమారవుతుంది. ఆ ఖాళీల్లోకి తర్వాత విన్నవీ టీవీలో చూసినవీ చేరతాయి, మీ ప్రశ్న కూడా. "హెలికాప్టర్ ఎప్పుడొచ్చింది?" అంటే రాని హెలికాప్టర్ కూడా వచ్చేస్తుంది. "తర్వాత?", మహా అయితే "అప్పుడేం వినబడింది?". అంతకు మించి అడగొద్దు. తేదీలవారీగా చెప్పించేవాళ్లున్నారు, అది ఊహల్ని రాబట్టే పద్ధతి.

మాట మారిందని అబద్ధమనుకోకండి. గల్ఫ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన 59 మంది అమెరికా సైనికులను నెల తర్వాత ఒకసారి, రెండేళ్ల తర్వాత మరోసారి, యుద్ధంలో ఎదురైనవాటి గురించి అవే 19 ప్రశ్నలు అడిగారు. 88 శాతం మంది కనీసం ఒక జవాబు మార్చారని 1997లో తేల్చారు. పీటీఎస్‌డీ లక్షణాలు ఎక్కువున్నవారే మొదట జరగలేదన్నవాటిని తర్వాత జరిగాయని ఎక్కువగా అన్నారు. "అంత బాధపడ్డవాడు మరిచిపోతాడా" అని ప్రతి అక్షరం నమ్మడమూ అంతే తప్పు.

చూపు గోడ మీద నిలిచిపోయి, "వచ్చారు" కాస్తా "వస్తున్నారు" అయితే ఆయన మళ్లీ ఆ రోజులోకి వెళ్లిపోయినట్టే, రికార్డర్ ఆపండి. ఎదురుగా కూర్చునే పేరుతో పిలిచి, ఇది బెంగళూరని, ఇవాళ ఫలానా వారమని చెప్పండి. వెనకనుంచి భుజం తట్టొద్దు. ఆ రోజుకిక చాలు. నిద్ర కరువైందంటే బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు తీసుకెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి.

సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్కు, పాత ఉత్తరాలు మరో రోజు మీరొక్కరే సరిచూసుకోండి. తేడా వస్తే ఆయన మాట కొట్టేయకుండా, కాగితంలో ఉన్నది పక్కన రాసి ఉంచండి.