పెరటి తోటకు కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయాన్ని ఉపయోగించుకునే విధానం

అమెరికాలో పెరటి తోట వేసే తెలుగు కుటుంబాలు చాలావరకు ముందు ఎరువు బస్తాలు కొని, మొక్క వాడిపోయిన తరువాత సలహా కోసం వెతుకుతాయి. సలహా చెప్పే బాధ్యత గల వ్యవస్థ మాత్రం అక్కడ వందేళ్లకు పైగా ఉన్నది. 1862 నాటి మోరిల్ చట్టం వల్ల ఏర్పడిన ల్యాండ్‌గ్రాంట్ (ప్రభుత్వ భూముల సాయం పొందిన) విశ్వవిద్యాలయాల పరిశోధన ఫలితాలను సామాన్య ప్రజలకు చేర్చడానికి 1914లో స్మిత్-లీవర్ చట్టం ద్వారా సహకార విస్తరణ (కోఆపరేటివ్ ఎక్స్‌టెన్షన్) వ్యవస్థను నెలకొల్పారు. టెక్సాస్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం, న్యూజెర్సీలో రట్గర్స్, ఇండియానాలో పర్డ్యూ ఈ పని చూస్తున్నాయి. మీ కౌంటీ (మన జిల్లా వంటిది) పేరుకు ‘ఎక్స్‌టెన్షన్’ అన్న మాట చేర్చి వెతికితే మీ కార్యాలయం చిరునామా దొరుకుతుంది. సమాఖ్య, రాష్ట్ర, కౌంటీ ప్రభుత్వాల నిధులతో నడిచేది కనుక అక్కడ సలహాకు సాధారణంగా రుసుము ఉండదు. ప్రయోగశాల పరీక్షలకు మాత్రం కొంత చెల్లించవలసి రావచ్చు.

మొదట చేయవలసిన పని మట్టి పరీక్ష. నేల ఆమ్లగుణం తగ్గించడానికి సున్నం వేయవలసి వస్తే అది మట్టిలో కలిసి పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి, వసంతంలో విత్తే వారు అంతకుముందరి శరదృతువులోనే నమూనా పంపడం మంచిది. కూరగాయల మడిలో పది పదిహేను చోట్ల, పైనున్న ఆకులూ చెత్తా తొలగించి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు వరకు మట్టి తీసి ప్లాస్టిక్ బకెట్‌లో బాగా కలపాలి. జింకు పూత ఉన్న ఇనుప బకెట్ వాడితే ఆ జింకు నమూనాలో కలిసి ఫలితం తప్పుగా వస్తుంది. కలిపిన మట్టిని కాగితం మీద నీడలో ఆరబెట్టి, కార్యాలయం ఇచ్చిన సంచిలో నింపి, అందులో ఏమి పండించదలచారో ఫారంలో రాయాలి. ఇంటి ముందరి గడ్డి నేలకూ పెరటి మడికీ వేర్వేరు నమూనాలు పంపాలి. మొదటి ఏడాది ఈ రెండింటినీ కలిపి పంపి, దేనికీ పనికిరాని సగటు ఫలితం తెచ్చుకున్నవారిలో నేనూ ఒకడిని. ఇళ్లలో సీసం కలిసిన రంగుల వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇల్లయితే సీసం పరీక్షను ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే మామూలు పరీక్షలో అది సాధారణంగా ఉండదు.

నివేదిక వచ్చాక ముందుగా చూడవలసినది పీహెచ్, అంటే నేల ఆమ్ల, క్షార గుణాల కొలత. ఎక్కువ కూరగాయలకు 6 నుంచి 7 మధ్య ఉంటే సరిపోతుంది. అది బాగా పెరిగితే నేలలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేదు. అప్పుడు ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య ఆకు పసుపు బారుతుంది. దానిని నత్రజని లోపమని భావించి ఎరువు వేసేవారే ఎక్కువ. తరువాత భాస్వరం అంకె చూడాలి. ఏటా పశువుల ఎరువూ కంపోస్టూ ధారాళంగా వేసే మడుల్లో భాస్వరం అవసరానికి మించి పేరుకుపోతుంది. అలాంటప్పుడు ‘ఇక వేయవద్దు’ అని నివేదిక చెప్పడమే ఆ పరీక్ష వల్ల కలిగే అసలు లాభమని నా అభిప్రాయం.

తెగులు వస్తే మాస్టర్ గార్డెనర్లను అడగవచ్చు. వీరు విశ్వవిద్యాలయం వద్ద శిక్షణ పొంది, ప్రతిఫలంగా నిర్ణీత గంటలు స్వచ్ఛందంగా సేవ చేసే పౌరులు. ఈ ఏర్పాటు 1970ల ఆరంభంలో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైంది. ‘మొక్క బాగాలేదు’ అంటే వారైనా చేయగలిగింది లేదు. మొక్క మొత్తం, దెబ్బతిన్న భాగం, ఆకు వెనుక భాగం విడివిడిగా కనిపించే ఫొటోలు, ఎప్పుడు నాటారో, ఎంత నీరు పెడుతున్నారో, ఏమి చల్లారో తెలిపే వివరాలు ఇవ్వాలి. నమూనా తీసుకువెళ్తే పూర్తిగా ఎండిన కొమ్మ వద్దు. ఆరోగ్యంగా ఉన్న భాగమూ జబ్బుపడిన భాగమూ కలిసే చోటు ఉండేలా కోయాలి.

మనవాళ్లు తరచుగా తెగులు అనుకునేది ఒకటుంది: పిందెలు పసుపు బారి రాలిపోవడం. దోస, గుమ్మడి, కాకర, సొర పాదుల్లో మగ పువ్వులూ ఆడ పువ్వులూ వేరుగా పూస్తాయి. పుప్పొడి చేరకపోతే పిందె నిలవదు. సొర తెల్లని పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటి దగ్గరకు వచ్చేవి ముఖ్యంగా రాత్రి తిరిగే రెక్కపురుగులు. అవి రాని చోట చీకటి పడే వేళ మగ పువ్వును కోసి ఆడ పువ్వు మధ్యభాగానికి రుద్దాలి. టమాటా, వంకాయ పువ్వుల్లో పుప్పొడి రాలాలంటే పువ్వు అదరాలి. తుమ్మెద జాతి బంబుల్ బీ ఆ పని చేస్తుంది, తేనెటీగ చేయలేదు. నిజానికి తేనెటీగ యూరపు వలసదారులతో అమెరికాకు వచ్చినది. అక్కడి స్థానిక ‘బీ’ జాతుల్లో (తేనెటీగల వంటివి) దాదాపు 70 శాతం నేలలో బొరియలు చేసుకుని బతుకుతాయి. అందుచేత పెరడంతా బెరడు ముక్కలతో కప్పేయకుండా ఎండ తగిలే చోట కొంత నేలను ఖాళీగా వదలాలి. వసంతం నుంచి శరత్తు దాకా ఏదో ఒకటి పూసేలా స్థానిక పూమొక్కలు ఎంచుకోవడానికి ఎక్స్‌టెన్షన్ ప్రాంతీయ జాబితా అడగాలి. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళి తినేది మిల్క్‌వీడ్ ఆకు ఒక్కటే కనుక మీ ప్రాంతపు మిల్క్‌వీడ్ జాతి ఆ జాబితాలో ఉందేమో చూడాలి. పురుగుమందు తప్పదంటే పూలున్న మొక్కపై చల్లకూడదు. కార్బరిల్ పొడి తేనెటీగలకు ఎంతో ప్రమాదకరం. సీసా మీద రాసిన సూచనలు అక్కడ చట్టంతో సమానం, ఉల్లంఘన నేరం.

పిల్లలకు ఇదే కార్యాలయం ద్వారా ఫోర్-హెచ్ క్లబ్బులు ఉన్నాయి. తల, హృదయం, చేతులు, ఆరోగ్యం అనే నాలుగింటికి ఆంగ్లంలో మొదటి అక్షరం ఒకటే కావడం వల్ల ఆ పేరు వచ్చింది. 1902లో ఒహాయోలోని క్లార్క్ కౌంటీలో ఏ. బి. గ్రాహం ప్రారంభించిన బాలల క్లబ్బును దీనికి మూలంగా చెబుతారు. పశువులు లేని ఇంటి పిల్లలకు ఇందులో చోటు లేదన్నది అపోహ. తోట పని, కీటకాలు, రోబోటిక్స్, ఉపన్యాసం వంటి ప్రాజెక్టులు ఎన్నో ఉంటాయి. ఎనిమిదేళ్ల లోపు చిన్నారులకు పోటీలు లేని ప్రత్యేక విభాగం ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు క్లబ్బు ఎక్కడ కలుస్తుందో, కొత్త సంవత్సరం నమోదు ఎప్పుడో, కౌంటీ ఫెయిర్‌లో (ఏటా జరిగే స్థానిక ప్రదర్శన) పాల్గొనడానికి గడువు ఏమిటో అడిగి రాసుకోవాలి. తోట ప్రాజెక్టు తీసుకున్న పిల్లవాడు విత్తిన తేదీ, మొలక వచ్చిన రోజు, ఖర్చు, పూల మీద వాలిన తేనెటీగల వంటి కీటకాల లెక్క ఒక పుస్తకంలో తన చేతితోనే రాయాలి. ఫెయిర్‌లో ఆ పుస్తకం గురించి అడిగితే జవాబు చెప్పవలసింది వాడే కాబట్టి తల్లిదండ్రులు దానిని అందంగా తిరగరాసి ఇవ్వకూడదు.