ట్రాప్ షూటింగ్ నేర్చుకుందాం – 3: కాళ్లు, చేతులు, చెంప

పోయిన పాఠంలో ఏ కంటితో గురి చూడాలో తేల్చుకున్నాం కదా, ఈసారి నిలబడటం, పట్టుకోవడం. కుడి భుజానికి ఆనించేవాళ్ల లెక్కన రాస్తున్నాను, ఎడమ వాటం వాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

ఇక్కడ చెన్నైలో రేంజ్‌కి వచ్చే మనవాళ్లలో చాలామంది ముందు ఎయిర్ రైఫిల్ పట్టినవాళ్లే. షాట్‌గన్ ఇచ్చినా అలవాటుగా పూర్తిగా పక్కకి తిరిగి, నడుము వెనక్కి వాల్చి నిలబడతారు. రైఫిల్‌కి అది సరే, అక్కడ టార్గెట్ కదలదు. ఇక్కడ టార్గెట్ క్లే అనే 110 మిల్లీమీటర్ల వెడల్పు బిళ్ల, అది 15 మీటర్ల ముందు నేలలోంచి లేచి పారిపోతుంది, కుడికో ఎడమకో, 45 డిగ్రీల దాకా ఎటు పోతుందో ముందు తెలీదు, వెనక్కి వాలిన మనిషి దాని వెంట తిరగలేడు.

పాదాల మధ్య భుజాల వెడల్పు కంటే కాస్త తక్కువ ఎడం, ఎడమ కాలు ముందుకి, సగం కంటే కొంచెం ఎక్కువ బరువు దాని మీద, మోకాలు బిగదీయకూడదు. మా కోచ్‌ది నెల్లూరు, వెనక నిలబడి రోజూ ఒకటే మాట: "ముక్కు ఎడమ బూటు కొసకి పైన ఉందా, చూసుకో బాబూ!"

ఇప్పుడు అసలు సంగతి, చెంప. షాట్‌గన్‌కి వెనక సైట్ (గురి కుదుర్చుకునే గుర్తు) ఉండదు, మీ కన్నే వెనక సైట్. నడుము తిరగకపోతే చేతులు తుపాకీని తోస్తాయి, చేతులు తోస్తే చెంప స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) నుంచి ఊడుతుంది, తల లేస్తే గుళ్లు క్లే పైనుంచి పోతాయి. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ట్రాప్ టీమ్ బంగారం తెచ్చిన ముగ్గురిలో మన హైదరాబాద్ కైనన్ చెనాయ్, తమిళనాడు పృథ్వీరాజ్ తొండైమాన్ ఉన్నారు. ఆ వీడియోలు పెట్టుకుని స్కోరు వదిలేసి వాళ్ల చెంపలు మాత్రమే చూడండి.

తల వంచి స్టాక్ మీద పెట్టకండి, స్టాక్‌నే చెంప దగ్గరికి ఎత్తండి, ఆ తర్వాతే భుజం. ఎడమ చేతి వేళ్లతో కుడి కాలర్ ఎముక కింద తడుముతూ కుడి మోచెయ్యి పైకెత్తితే ఒక గుంట ఏర్పడుతుంది, బట్, అంటే స్టాక్ వెనక కొస, కూర్చోవాల్సింది అందులోనే. మొదటి నెలంతా నా కుడి జబ్బ కమిలి ఉండేది, బట్ గుంట దాటి చేతి మీద కూర్చున్నందుకే. మన ఉక్కకి చెంప చెమట పట్టి జారుతుంది కూడా, ప్రతి షాట్‌కి ముందు తుడుచుకోండి.

చేతులకి పెద్దగా చెప్పేదేం లేదు. కదిలే సిటీ బస్సులో కడ్డీ పట్టుకున్నంత పట్టు చాలు, వేళ్లు తెల్లబడితే ఎక్కువైనట్టే. ఎడమ చూపుడు వేలు గొట్టం వెంబడి చాపితే చూపు ఎటుంటే తుపాకీ అటే పోతుంది. కుడి చూపుడు వేలు మాత్రం క్లే వదలమని కేక వేయడానికి సిద్ధమయ్యేదాకా ట్రిగ్గర్ గార్డ్ బయటే, ఇందులో మొహమాటం వద్దు, పక్కవాడు మరిచిపోతే అప్పటికప్పుడే చెప్పేయండి.

ఈ వారం ఇంట్లో సాధనకి తుపాకీ అక్కర్లేదు. మాప్ కర్ర కొసకి చిన్న టార్చ్ కట్టి, గోడ, సీలింగ్ కలిసే గీత మీద వెలుగు ఒక మూల నుంచి ఇంకో మూలకి నడపండి. నడుముతో తిప్పితే గీత మీదే సాఫీగా పోతుంది, చేతులతో తోసిన చోట కిందికి జారుతుంది. రోజుకి 30 సార్లు, రెండు వైపులా చేయండి, వెలుగు ఎక్కడ జారుతోందో రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.